స్కూలున్న మా వీధిలో బండ్లు స్పీడుగా పోతున్నాయి, మేమే స్పీడ్ బ్రేకర్ కట్టుకోవచ్చా?

మీరు రాసింది ఇదీ: ఇల్లు స్కూలుకు నాలుగిళ్ల అవతల, పొద్దున సాయంత్రం బండ్లు దూసుకుపోతున్నాయి, వీధివాళ్లంతా తలా కొంత వేసుకుని ఈ ఆదివారం స్పీడ్ బ్రేకర్ కట్టేద్దామనుకుంటున్నారు. ఆ ఆదివారం పని మాత్రం ఆపండి. మేం అలాగే కట్టాం. దాని మీద పడింది మా వీధికి పాలు పోసే ఆయనే.

మాది గుంటూరు, బ్రాడీపేట వైపు. ఈ పేట తెలిసినవాళ్లకు వివరం అక్కర్లేదు. లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు ఇంకోవైపు, లెక్కల నోటుబుక్కు గళ్లలా ఉంటుంది. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే బండ్లన్నీ పక్క లైన్లలోకి తిరుగుతాయి. మా వీధి పొడవు 300 మీటర్లు ఉంటుంది, వెడల్పు 30 అడుగులు, మధ్యలో స్కూలు. పాత తారు రోడ్డు ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు, ఎందుకంటే గుంతలే మాకు స్పీడ్ బ్రేకర్లు. సిమెంటు రోడ్డు వేయమని అర్జీలు పట్టుకుని తిరిగిందీ మేమే. వేశారు. నెల తిరక్కుండానే వీధి రేసు ట్రాకయింది.

2022లో ఒక సాయంత్రం స్కూలు వదిలినప్పుడు నాలుగో తరగతి పాపను బైకు గుద్దింది. ఆ పాప మా ఇంటికి ట్యూషన్‌కు వస్తుంది. మణికట్టు విరిగింది. ఆ రాత్రి వీధంతా కోపంగా ఉంది. పక్కన అపార్ట్‌మెంట్ పని చేస్తున్న మేస్త్రీని పిలిచాం, రెండు బస్తాల సిమెంటు తెప్పించాం. అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తున రోడ్డుకు అడ్డంగా గట్టులాంటిది పోయించాం. ఎంత ఎత్తుంటే అంత మంచిదని మా నమ్మకం. ఇంకో అంగుళం వేయమన్నది నేనే.

దానికి రంగు లేదు, ముందు బోర్డు లేదు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు పాలాయన క్యాన్లతో సహా దాని మీద పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. సిమెంటుకు ఇచ్చిన చందా కంటే ఆసుపత్రికి ఇచ్చిన చందా ఎక్కువైంది. ఆరు వారాలు ఆయన కొడుకు పాలు తెచ్చాడు, ఏమీ అనేవాడు కాదు. ఏదైనా అంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఇంకోటి చూడండి. వాననీళ్లు పోవాలని గట్టుకు రెండు చివరలా మూరెడేసి ఖాళీ వదిలాం. టూవీలర్లన్నీ స్పీడు తగ్గించకుండా ఆ సందులోంచి పోవడం మొదలుపెట్టాయి. పిల్లలు నడిచేది సరిగ్గా అక్కడే. అంటే నడిరోడ్డు మీద పోయే బండ్లను మేమే తోసి పిల్లల పక్కకు పంపామన్నమాట. కార్లేమో గట్టు దగ్గర టక్కున ఆగి, దాటగానే ఆ ఆలస్యం తీర్చుకోవాలన్నట్టు రయ్యిమని లేచేవి. రాత్రిళ్లు ఖాళీ లారీ ఎక్కిదిగితే ఇంట్లో గిన్నెలు మోగేవి. రోడ్డు మనది కాదు, అనుమతి లేకుండా కట్టినదాని మీద ఎవరైనా పడితే కట్టినవాళ్లే జవాబు చెప్పుకోవాలి అని స్టేషన్లో చెప్పి పంపారు. మర్నాడే గునపాలు పెట్టి పగలగొట్టించాం.

సరే, మరి ఏం చేయాలి? ముందు కొలవండి. ఈ సలహా మా మేనల్లుడిది, సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. టేపు పెట్టి రోడ్డు మీద 50 మీటర్లు కొలిచి రెండు చివరలా గోడ మీద సుద్దతో గీత పెట్టాం. బండి ముందుచక్రం మొదటి గీత దాటినప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కడం, రెండో గీత దగ్గర ఆపడం, అంతే. ఆరు సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు. నాలుగున్నర అయితే 40. మూడున్నర సెకన్లకే దాటేసిందంటే 50 పైన. స్పీడ్ గన్‌తో చూసినంత కచ్చితంగా రాదు కానీ, 30కీ 50కీ తేడా చక్కగా తెలిసిపోతుంది. స్కూలు టైముకు గంటసేపు, మధ్యాహ్నం గంటసేపు, మూడు రోజులు రాసుకున్నాం.

అందులో తేలింది చూసి వీధిలో కొందరికి నోట మాట రాలేదు. అప్పటిదాకా అందరం తిట్టింది భోజనం పార్శిళ్లు తెచ్చే కుర్రాళ్లను, పక్క లైన్లలోంచి దారి తప్పించుకుని వచ్చేవాళ్లను. పొద్దున పూట బాగా స్పీడుగా పోయినవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని గేటు దగ్గర దింపి ఆఫీసులకు పరిగెత్తే తల్లిదండ్రులే. వచ్చేటప్పుడు ముందు బిడ్డ నిలబడి ఉంటుంది కాబట్టి నెమ్మది. బిడ్డ దిగాక ఆ నెమ్మది పోతుంది. మా ట్యూషన్ పాపను గుద్దినాయన కూడా తన కొడుకును ఎక్కించుకోవడానికి ఆలస్యమైందని హడావుడిగా వస్తున్న తండ్రే. మా ఎదురింటి బాబాయ్ గారు మూడు రోజుల్లో రెండుసార్లు 40 దాటారు, కాగితం చూపిస్తే వారం రోజులు మాతో మాట్లాడలేదు.

30కీ 50కీ అంత తేడా ఏముందని చాలామంది అడిగారు. నేను లెక్క ఇలా చెప్పేదాన్ని. పిల్ల అడ్డం వచ్చిందని మన కంటికి కనబడి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను పోతుందనుకోండి. 30లో ఉంటే ఆ సెకనులో బండి ఎనిమిది మీటర్లు పోతుంది, అంటే మా వీధిలో ఒక ఇంటి వెడల్పు. 50లో ఉంటే పద్నాలుగు మీటర్లు, అప్పటికింకా బ్రేకు నొక్కనే లేదు. తగిలే దెబ్బ సంగతంటారా, స్పీడు పెరిగినట్టుగా కాదు, దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 50లో ఉన్న బండి శక్తి 30లో ఉన్నదానికి దాదాపు 2.8 రెట్లు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత మీద ప్రపంచ దేశాల మంత్రుల సమావేశం జరిగితే, నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని ప్రకటనలో పెట్టింది ఇందుకే. ఇక ఆలస్యమంటారా, మా 300 మీటర్ల వీధిని 50లో దాటితే 22 సెకన్లు, 30లో దాటితే 36. తేడా 14 సెకన్లు. ఈ ఒక్క లెక్క మాత్రం బాబాయ్ గారికి కూడా నచ్చింది.

ఆ కాగితాలు తీసుకుని ముందు స్కూలుకు వెళ్లాం, తిట్టడానికి కాదు. హెడ్‌మాస్టర్ గారు మేం గొడవకు వచ్చామనుకుని మొదట కుర్చీ కూడా చూపించలేదు. లెక్కలు చూశాక కూర్చోమన్నారు. చిన్న క్లాసుల్ని పావుగంట ముందు వదలడం మొదలైంది. వెనక అడ్డరోడ్డులోకి ఎప్పుడూ తాళం వేసి ఉండే గేటు తెరిచారు, ఆటోలన్నీ అటు పోయాయి. పేరెంట్స్ మీటింగులో ఎవరి పేరూ ఎత్తకుండా ఆ స్టాప్‌వాచ్ పట్టిక చదివారు. నన్నడిగితే ఖర్చు లేకుండా వెంటనే పనిచేసింది ఇదే. బయటివాడికి బోర్డు పెట్టడం కంటే లోపలివాడికి లెక్క చూపించడం తేలిక.

తర్వాత అర్జీ. మీ రోడ్డు ఎవరిదో ముందు తెలుసుకోండి. మునిసిపాలిటీ రోడ్డయితే ఇంజనీరింగ్ విభాగం, ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) రోడ్డయితే వాళ్లు, ఊళ్లో అయితే పంచాయతీ. తప్పు ఆఫీసులో ఇస్తే అది అక్కడే ఉండిపోతుంది. మేం అప్పట్లో సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే స్పందనలో ఇచ్చాం, 2024 నుంచి ఏపీలో దాన్ని ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. తెలంగాణ వాళ్లయితే సోమవారం ప్రజావాణి. అర్జీలో ‘స్పీడ్ బ్రేకర్ కావాలి’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకండి. వీధి పటం చేత్తో గీసి స్కూలు గేటు, మలుపులు, కరెంటు స్తంభాల నంబర్లు గుర్తించండి. మీ కొలతల పట్టిక, స్కూలు వదిలే టైములో తీసిన ఫొటోలు, హెడ్‌మాస్టర్ లెటర్ జతచేయండి. రసీదు నంబరు తీసుకోండి. ఒక కాపీ ట్రాఫిక్ పోలీసులకు ఇవ్వండి.

ఇంజనీరింగ్ విభాగం నుంచి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు చూడటానికి వచ్చినప్పుడు మేం నేర్చుకున్నది చాలా ఉంది. రోడ్లు ఎలా కట్టాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పుస్తకం ఒకటి, ఐఆర్‌సీ 99 అంటారు, అందులో స్పీడ్ బ్రేకర్ కొలతలున్నాయి. గంటకు 25 కిలోమీటర్లలో దాటేలా కట్టాలంటే ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంటే నాలుగు అంగుళాల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు! మాది అడుగు వెడల్పున అర అడుగు పైన. గట్టుకీ బ్రేకర్‌కీ తేడా అక్కడ అర్థమైంది. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే నెమ్మదిగా పోయేవాడికి నడుము కదలదు, స్పీడుగా పోయేవాడికి మాత్రం తెలుస్తుంది. సన్నగా ఎత్తుగా ఉంటే నెమ్మదిగా పోయే ముసలాయనకే ఎక్కువ దెబ్బ. నలుపు తెలుపు పట్టీలు వేయాలి, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి, ఒకటి కంటే ఎక్కువ కడితే మధ్యలో 100 నుంచి 120 మీటర్లు వదలాలి. మాకు రెండు వచ్చాయి. కొంత ఓపిక పట్టాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా. స్పీడ్ బ్రేకర్ కావాలని సంతకం పెట్టిన ఇళ్లలో ఒక్క ఇల్లు కూడా ‘మా ముందు కట్టండి’ అనలేదు. చప్పుడని ఒకరు, కారు లోపల పెట్టడానికి కుదరదని ఒకరు, వాస్తు అని ఒకరు. వీధిపోటు విన్నాను గానీ బ్రేకర్ పోటు ఎప్పుడూ వినలేదు. చివరికి ఒకటి ఖాళీ స్థలం ముందు, ఒకటి మా ఇంటి పక్క గోడ దగ్గర వచ్చాయి. ఇంకో అంగుళం వేయమన్న నోటితో వద్దనలేకపోయాను.

బ్రేకర్లు రాకముందు మేం చేసినవాటిలో పనికొచ్చినవి, పనికిరానివి రెండూ చెబుతాను. మూలమీద టిఫిన్ బండి ఉండేది. దాని వెనక నుంచి పిల్ల రోడ్డు మీదికి వచ్చేదాకా ఎవరికీ కనబడదు. బండివాళ్లను తిట్టకుండా పది అడుగులు వెనక్కి జరపమని అడిగాం, జరిపారు, ఇడ్లీలు అక్కడే తిన్నాం. స్కూలు బోర్డును వేపకొమ్మ కప్పేసింది, కొట్టించాం. కార్లను ఒకే వరుసలో కాకుండా కొంత మేర ఎడమ పక్క, కొంత మేర కుడి పక్క పెట్టుకుంటే మధ్య దారి వంకర తిరిగి స్పీడు దానంతటదే తగ్గింది. ‘పిల్లలున్నారు, నెమ్మది’ అని కట్టిన ఫ్లెక్సీ పది రోజులు పనిచేసింది, ఆ తర్వాత దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ వచ్చింది. పక్క లైనువాళ్లు రబ్బరు బ్రేకర్ కొని బోల్టులతో బిగించారు. రబ్బరు ఊడిపోయి బోల్టులు మిగిలాయి, పంక్చర్ షాపాయనకు లాభం.

ధనుర్మాసంలో ఒకటి గమనించాను. ఆడవాళ్లం నడిరోడ్డుదాకా ముగ్గులు పెట్టి గొబ్బెమ్మలు పెడితే, మిగతా ఏడాదంతా దూసుకుపోయే కుర్రాళ్లు కూడా వాటిని తొక్కకుండా పక్కకు తిప్పుకుని నెమ్మదిగా పోతారు. అందుకని స్కూలు ముందు పెయింటుతో పెద్ద ముగ్గు వేద్దామన్నాను. మామూలు ఎనామెల్ పెయింటు తడిస్తే జారుతుంది, రోడ్డు గీతలకు వాడే పెయింటు వేరే ఉంటుంది అని ఏఈ గారు ఆపారు. ఇంకో పాలాయన పడేవాడేమో.

మైనర్ల సంగతి ఒక్క ముక్క. తొమ్మిది, పది క్లాసుల పిల్లలు అమ్మ స్కూటీ మీద వస్తుంటే చూసీచూడనట్టు ఉండకండి. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన సెక్షన్ 199ఏ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే బాధ్యత తల్లిదండ్రులది, బండి యజమానిది. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. మా స్కూలు దీన్ని డైరీలో అతికించి తల్లిదండ్రుల సంతకం తీసుకుంది. స్కూటీలు బాగా తగ్గాయి, మిగిలినవి పక్క వీధిలో ఆగుతున్నాయని విన్నాను. ఆ పక్క వీధి మీదైతే నన్ను తిట్టుకోకండి.

కొలవడం మొదలుపెడితే గేటు లోపలే కూర్చోండి. మేం మొదటి రోజు ఫోను పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాం, ఫొటో తీసి చలానా వేస్తారనుకుని అందరూ 20లో పోయారు. ఆ రోజు లెక్క మొత్తం చించేశాం.