డెలివరీ తర్వాత పొట్ట కండరాల మధ్య గ్యాప్ ఉందని డౌట్, బెంగళూరులో ఎవరికి చూపిస్తే సరిగ్గా తేలుస్తారు?

ముందు ఒక్క మాట అండి, మీ డాక్టర్ గారు పొట్ట మీద చెయ్యి కూడా పెట్టకుండా "ఫ్యాటే, వాకింగ్ చెయ్యండి" అన్నారని రాశారు కదా, దాన్ని డయాగ్నోసిస్ కింద లెక్కెయ్యకండి. రెండో సిజేరియన్ అయ్యి ఎనిమిది నెలలు, పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి ఐదో నెల పొట్టలా ఉబ్బడం, మంచం మీంచి లేచేటప్పుడు మధ్యలో నిలువుగా గట్టులా పైకి లేవడం, దగ్గితే బొడ్డు దగ్గర బుడిపె, నడుం నొప్పి, ఇవన్నీ మీరే చెప్పేశారు, అవతల మనిషి పడుకోబెట్టి చూడాలి అంతే.

నాకూ రెండో బాబు తర్వాత ఇదే తంతు. మేం కేఆర్ పురం వైపు ఉంటాం. బాలింతప్పుడు నడికట్టు సరిగ్గా కట్టుకోలేదని మా అత్తయ్య, ఆపరేషన్‌లో కండలు కోసేశారని అమ్మ, వెన్నులో ఇచ్చిన ఇంజెక్షన్ వల్లేనని పక్కింటావిడ, ఎవరి థియరీ వాళ్ళది. పర్పుల్ లైన్ మెట్రోలో ఒకావిడ లేచి సీటిచ్చి "ఎష్టు తింగళు?" (ఎన్నో నెల?) అని కన్నడలో అడిగింది, నేనేం చెప్పకుండా నవ్వేసి కూర్చున్నా, కాళ్ళు లాగుతున్నాయి మరి.

అసలు జరిగేది ఏంటంటే పొట్ట ముందు భాగంలో పైనుంచి కిందకి రెండు కండరాల పట్టీలు ఉంటాయి, వాటిని కలుపుతూ మధ్యలో లీనియా ఆల్బా అని గట్టి పొర ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకి చోటు కావాలి కాబట్టి ఆ పొర సాగుతుంది, నెలలు నిండేసరికి దాదాపు అందరికీ సాగుతుంది. కాన్పు అయ్యాక మొదటి రెండు నెలల్లో చాలావరకు అదే దగ్గరకొస్తుంది, కొందరికి రాదు, దాన్నే డయాస్టాసిస్ రెక్టై అంటారు. సిజేరియన్‌లో మామూలుగా ఈ కండరాల్ని కొయ్యరు, రెండు పక్కలకీ జరుపుతారు, నార్మల్ డెలివరీ వాళ్ళకీ ఈ గ్యాప్ వస్తుంది, కాబట్టి అమ్మ థియరీ అక్కడే పోయింది. నార్వేలో తొలి కాన్పు ఆడవాళ్ళు 300 మందిని ఫాలో అయ్యి 2016లో ఒక స్టడీ వేశారు, ఆరు వారాలప్పుడు 60 శాతం మందికి గ్యాప్ ఉంది, ఆరు నెలలకి 45 శాతం, ఏడాది తర్వాత కూడా దాదాపు 33 శాతం. అంటే మీకొక్కరికే వచ్చిన వింత రోగం కాదు. ఇంకోటి, గ్యాప్ ఉన్నవాళ్ళకి లేనివాళ్ళకంటే నడుం నొప్పి ఎక్కువేం లేదని కూడా అందులోనే తేలింది, అందుకని మీ నడుం నొప్పిని కూడా దీని ఖాతాలో వేసేసి వదిలెయ్యకండి, దాన్ని విడిగా చూపించుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు స్కాన్ దగ్గర. నేను మొదట చూపించుకున్న క్లినిక్‌లో "యూఎస్‌జీ అబ్డామెన్ అండ్ పెల్విస్" అని, అంటే పొట్టా పొత్తికడుపూ చూసే అల్ట్రాసౌండ్ స్కాన్, రాసిచ్చారు, చేయించా, లివర్ బాగుంది కిడ్నీలు బాగున్నాయి గర్భసంచి బాగుంది, నార్మల్ స్టడీ అని రిపోర్ట్. అది చూపించి "చూశారా, ఏం లేదు, బరువు తగ్గండి" అన్నారు. ఆ స్కాన్ చేసేదే లోపలి అవయవాల కోసం అండి, పొట్ట మీద ఆనించే వంపు తిరిగిన పెద్ద ప్రోబ్‌తో లోతుగా చూస్తారు, పైనున్న కండరాల పొర వాళ్ళ లెక్కలోనే ఉండదు. ఇల్లంతా తిరిగి చూసి గోడ బీట గురించి ఒక్క ముక్క రాయనట్టు. ఆ నార్మల్ రిపోర్ట్ అబద్ధం కాదు, మన ప్రశ్నకి జవాబు కాదంతే.

మీరు రాయించుకోవాల్సింది "యాంటీరియర్ అబ్డామినల్ వాల్" (పొట్ట ముందు గోడ) అల్ట్రాసౌండ్, దాంతో పాటు "ఇంటర్ రెక్టై డిస్టెన్స్" (రెండు కండల మధ్య దూరం) అని, మీకు బొడ్డు దగ్గర దగ్గితే బుడిపె వస్తోంది అన్నారు కాబట్టి "రూల్ అవుట్ అంబిలికల్ హెర్నియా" (బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో తేల్చండి) అని కూడా. గైనిక్ రాసినా జనరల్ సర్జన్ రాసినా పర్లేదు. స్కాన్ సెంటర్‌కి వెళ్ళే ముందు ఫోన్ చేసి లీనియర్ (చదునుగా ఉండే) ప్రోబ్‌తో పొట్ట గోడ చూస్తారా, తల ఎత్తించి కూడా కొలుస్తారా అని అడగండి, రిసెప్షన్ వాళ్ళకి అర్థం కాకపోతే రేడియాలజిస్ట్‌నే అడిగి చెప్పమనండి. మొహమాటపడి వెళ్తే మళ్ళీ ఆ లివరూ కిడ్నీలే చూసి పంపిస్తారు, డబ్బులు దండగ.

నాకు రెండోసారి చేసిన మేడమ్ చాలా ఓపిగ్గా చేసింది. చల్లటి జెల్ రాసి చిన్న చదును ప్రోబ్ బొడ్డు పైన అడ్డంగా పెట్టి, స్క్రీన్ నా వైపు తిప్పింది. రెండు పక్కలా నల్లగా రెండు కండలు, మధ్యలో తెల్లటి సన్నగీత సాగదీసినట్టు. వదులుగా పడుకున్నప్పుడు ఒకసారి కొలిచి, "కాలి వేళ్ళు చూస్తున్నట్టు తల ఎత్తండి" అని ఇంకోసారి కొలిచింది. నేను తల ఎత్తగానే ఆ నల్ల కండలు రెండూ మధ్యకి జరిగాయి కానీ కలవలేదు, గీత మాత్రం వదులుగా పైకి ఉబ్బింది. తర్వాత దగ్గమంది, నిలబెట్టి కూడా చూసింది, పొరలో ఎక్కడైనా కన్నం ఉందా అని. డయాస్టాసిస్‌కీ హెర్నియాకీ తేడా అదే, మొదటిదాంట్లో పొర సాగుతుంది గానీ తెగదు, హెర్నియాలో పొరకి కన్నం పడి లోపలి కొవ్వో పేగో బయటికి తోసుకొస్తుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

రిపోర్ట్‌లో ఊరికే "డైవారికేషన్ నోటెడ్" (గ్యాప్ ఉంది) అని మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. బొడ్డు దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు, పైన ఎన్ని, కింద ఎన్ని, పడుకున్నప్పుడా తల ఎత్తినప్పుడా అన్నీ ఉండాలి, లేకపోతే ఆరు నెలల తర్వాత దేంతో పోల్చుకుంటారు? యూరోపియన్ హెర్నియా సొసైటీ 2021 గైడ్‌లైన్ ప్రకారం 2 సెంటీమీటర్లు దాటితే డయాస్టాసిస్, 3 దాకా తక్కువ, 3 నుంచి 5 మధ్యస్థం, 5 దాటితే ఎక్కువ. అయితే 2009లో అసలు పిల్లలు పుట్టని ఆడవాళ్ళని కొలిస్తేనే బొడ్డుకి 3 సెంటీమీటర్ల పైన 2.2 దాకా మామూలేనని తేల్చారు, కాబట్టి 2.1 వచ్చిందని రాత్రంతా గూగుల్ చేస్తూ కూర్చోకండి.

ఈలోపు ఇంట్లోనే ఒకసారి చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, వేళ్ళు బొడ్డు మీద అడ్డంగా పక్కపక్కన పెట్టి, తలా భుజాలూ కొంచెం ఎత్తండి, రెండు పక్కల నుంచి కండల అంచులు తగులుతాయి, మధ్యలో ఎన్ని వేళ్ళు పడుతున్నాయో చూడండి, పైనా కిందా కూడా. రెండు వేళ్ళ కంటే ఎక్కువ పడితే చూపించుకోవాల్సిందే. వెడల్పుతో పాటు వేలు ఎంత లోపలికి దిగుతోందో కూడా చూడాలి, నొక్కితే ట్రాంపోలిన్‌లా వెనక్కి తోస్తోందా, మెత్తగా దిగిపోతోందా. నావీ మా ఆయనవీ వేళ్ళే ఒక్క సైజు లేవు, కాబట్టి ఇది అనుమానం తీర్చుకోడానికే గానీ నంబర్ కోసం కాదు.

స్కాన్ అయ్యాక విమెన్స్ హెల్త్ లేదా పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు అడుగు కండరాలు) చూసే ఫిజియో దగ్గరికి వెళ్ళండి, మామూలు మోకాళ్ళ నొప్పుల ఫిజియో కాదు. ఇందిరానగర్, జయనగర్, వైట్‌ఫీల్డ్ వైపు ఇలాంటివాళ్ళు దొరుకుతారు, ఫోన్‌లోనే "డెలివరీ తర్వాత డయాస్టాసిస్ కేసులు చూస్తారా" అని అడిగేయండి. నాకు చూసినావిడ కన్నడలో "ఉసిరు బిడి, ఉసిరు బిడి" అంటూ ఊపిరి వదిలేటప్పుడు పొట్ట ఎలా పనిచేస్తోందో చూసింది, బాబుని ఎలా ఎత్తుకుంటానో చేసి చూపించమంది, దగ్గితే యూరిన్ లీక్ అవుతోందా అని కూడా అడిగింది, అప్పటిదాకా ఏ డాక్టరూ అడగలేదు. ఖర్చు భారం అనుకుంటే కేఆర్ మార్కెట్ దగ్గర వాణి విలాస్, విక్టోరియా పక్కపక్కనే ఉన్న గవర్నమెంట్ ఆసుపత్రులు, ఒకచోట గైనిక్, ఇంకోచోట సర్జరీ ఓపీ, క్యూ మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి.

బెల్టు అమ్మేవాళ్ళనీ, గ్యారంటీగా గ్యాప్ మూసేస్తాం అనే ఆన్‌లైన్ కోర్సులనీ కొలత చేతికొచ్చేదాకా పక్కన పెట్టండి. బెల్టు కడితే నడుముకి ఆసరాగా హాయిగానే ఉంటుంది, అంతవరకే. ఎవరైనా డైరెక్ట్‌గా టమ్మీ టక్ (పొట్ట బిగించే ఆపరేషన్) చేయించుకోమంటే ఇన్సూరెన్స్ వాళ్ళు దాన్ని కాస్మెటిక్ అని పక్కన పెట్టే ఛాన్సే ఎక్కువ, హెర్నియా తేలితే మాత్రం లెక్క వేరు, రిపోర్ట్‌లో ఏ మాట రాశారన్నది అక్కడ కూడా పనికొస్తుంది.

మీ వరకు నా సలహా, ఆ బొడ్డు బుడిపె ఉంది కాబట్టి ఫిజియో కంటే ముందు జనరల్ సర్జన్‌కి చూపించి, స్కాన్‌లో హెర్నియా ఉందో లేదో తేల్చుకున్నాకే వ్యాయామాలు మొదలుపెట్టండి. అప్పటిదాకా క్రంచెస్, ప్లాంక్ లాంటివి వద్దు, పక్కకి తిరిగి చేత్తో ఆనుకుని లేవండి. మధ్యలో ఎప్పుడైనా ఆ బుడిపె గట్టిపడి, నొప్పెట్టి, పడుకున్నా లోపలికి వెళ్ళకపోతే, లేదా రంగు మారినా వాంతులైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, సర్జన్ ఉన్న ఏ ఆసుపత్రి దగ్గరైతే ఆ ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.