షాపు పేరు వెనక మన డొమైన్ అతికించాం కదా, రిక్వెస్ట్ బయటికెలా పోతుంది?

యూజర్ టైప్ చేసిన షాపు పేరుకి ముందు హెచ్‌టీటీపీ, వెనక చుక్క పెట్టి మీ డొమైన్ అతికించి సర్వర్ నుంచి కాల్ చేస్తున్నామన్నారు. చివర మన డొమైనే ఉన్నా రిక్వెస్ట్ బయటికి పోతుంది. షాపు పేరు బదులు 169.254.169.254/? అని కొట్టి చూడండి. ప్రశ్నార్థకం తర్వాతదంతా క్వెరీయే, అంటే అడ్రస్ కాదు, దానితో పంపే అదనపు సమాచారం కాబట్టి మీ డొమైన్ అందులో కలిసిపోతుంది, హోస్ట్ (రిక్వెస్ట్ చేరే మెషిన్) మాత్రం యూజర్ ఇచ్చిందే. # పెట్టినా అంతే.

ఆ ఐపీ ఊరికే రాయలేదు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్ తన తాత్కాలిక కీలు తెచ్చుకునేది అక్కడినుంచే. 2019లో అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్ డేటా పోయింది ఈ దారినే. అమెరికాలోనే దాదాపు 10 కోట్ల మంది వివరాలు. ఆ నవంబర్‌లోనే అమెజాన్ ముందు టోకెన్ అడిగే కొత్త పద్ధతి తెచ్చింది, మీ సర్వర్లలో దాన్ని తప్పనిసరి చేయండి.

పేమెంట్ కోడ్ రివ్యూల్లో నాకు ఎక్కువగా దొరికేది దీనికి తిరగేసిన రకం. ముందు మన ఏపీఐ అడ్రస్, చివర స్లాష్ ఉండదు, దాని వెనక యూజర్ ఇచ్చిన పాత్. ఆ పాత్ @తో మొదలైతే మన అడ్రస్ కాస్తా యూజర్‌నేమ్ అయిపోతుంది, @ తర్వాతున్నది హోస్ట్ అవుతుంది. "మన అడ్రస్‌తోనే మొదలవుతోందా" అన్న చెక్ హాయిగా పాసైపోతుంది! ఇది చూపిస్తే "ఎన్‌కోడ్ చేసేస్తాం సార్" అంటారు, అంటే @, / లాంటి గుర్తుల్ని % కోడ్‌లుగా మార్చేస్తామని. చేయాల్సిందే, కానీ చుక్కల్ని ఎన్‌కోడింగ్ ముట్టుకోదు. ఐడీ స్థానంలో ఉత్త .. ఇస్తే పాత్ ఒక మెట్టు పైకి పోతుంది.

మీ కేసులో మందు తేలికే. షాపు పేరుని డేటాబేస్‌లో వెతకండి, అడ్రస్ అక్కడినుంచే తీసుకోండి. యూజర్ రాసిన అక్షరం ఒక్కటీ యూఆర్‌ఎల్‌లోకి వెళ్లక్కర్లేదు.

వెబ్‌హుక్ (ఏదైనా జరిగితే యూజర్ ఇచ్చిన అడ్రస్‌కి మన సర్వర్ కబురు పంపడం) లాంటి చోట పూర్తి అడ్రస్ యూజరే ఇవ్వక తప్పదు. అక్కడ 127.0.0.1ని (సర్వర్ తనకి తానే) బ్లాక్‌లిస్టులో పెట్టి ఊరుకుంటే లాభంలేదు, చాలా లైబ్రరీలకి 127.1 అన్నా 2130706433 అన్నా అదే. పేరుని ఐపీగా మార్చాక అది లోపలి నెట్‌వర్క్‌దో లింక్‌లోకల్‌దో (పైన చెప్పిన 169.254 రకం) కాదని చూసి, చూసిన ఆ ఐపీకే కనెక్ట్ అవ్వండి. రెండోసారి డీఎన్‌ఎస్ అడిగితే జవాబు మారిపోయి ఉండొచ్చు. రీడైరెక్టులు ("ఇంకో అడ్రస్‌కి వెళ్లు" అనే జవాబులు) కూడా ఆపేయండి, చాలా లైబ్రరీలు అడక్కుండానే వాటి వెంట వెళ్లిపోతాయి.