కోజెన్ ఇంజన్ కొనబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కోజెన్ కొటేషన్ చదివాను, అంటే ఒకే గ్యాస్‌తో కరెంటూ వేడీ రెండూ ఇచ్చే ఏర్పాటుది. మీ ఆసుపత్రికి 500 కిలోవాట్ల గ్యాస్ ఇంజన్, దాని వేడితో నడిచి ఏసీకి చల్లనీళ్లిచ్చే వీఏఎం చిల్లర్. మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో ‘85 శాతం సామర్థ్యం’ అని వేశారు. అబద్ధమేం కాదు గానీ, గ్యాస్‌లోని శక్తిలో కరెంటయ్యేది 40 శాతం దాకానే. ఇంచుమించు మరో అంత వేడిగా ఇంజన్‌ని చల్లబరిచే జాకెట్ నీళ్లలోకీ, పొగగొట్టంలోకీ పోతుంది. దాన్ని మీరు వాడుకుంటేనే ఆ 80, 85. లేదంటే ఖరీదైన జనరేటర్ కొన్నట్టే. మా షుగర్ ఫ్యాక్టరీలో కోజెన్ కలిసొచ్చిందంటే, క్రషింగ్ సీజనంతా రాత్రీపగలూ రసం కాగుతూనే ఉంటుంది గనక.

కాబట్టి కరెంటు బిల్లు కాసేపు పక్కనపెట్టి, ముందు వేడి లెక్క రాయించు. లాండ్రీ, వంటగది, వార్డుల్లో స్నానాల నీళ్లు, పరికరాల్ని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవులు ఏ గంటకి ఎంత లాగుతున్నాయో వారం పాటు రాయాలి, ఆదివారంతో సహా. బాయిలర్ ఆపరేటర్‌తో కూర్చుని ఓ టీ తాగు, సగం లెక్క ఆయన నోటిమీదే ఉంటుంది. ఎంత వేడి అన్నదే కాదు, ఎన్ని డిగ్రీల వేడో కూడా రాయి. జాకెట్ నీళ్లు 85, 90 డిగ్రీలుంటాయి, స్నానాలకీ లాండ్రీకీ చక్కగా సరిపోతాయి. ఆటోక్లేవుకి 121, 134 డిగ్రీల ఆవిరి కావాలి, అది పొగ వేడితోనే అవుతుంది. రెండూ కలిపి ఒకే అంకె చూపించిన కొటేషన్‌ని మొహమాటపడకుండా తిప్పి పంపు.

రాయించే ముందు స్టీమ్ ట్రాపులు, అంటే ఆవిరి పైపుల్లోంచి నీటిని మాత్రమే వదిలే వాల్వులు, కారుతుంటే మార్పించు. ఆవిరి చల్లారి నీరైన కండెన్సేట్ డ్రెయిన్‌లోకి పోతుంటే బాయిలర్‌కి మళ్లించు. లేకపోతే వృథా కూడా అవసరం కింద లెక్కకొచ్చి ఇంజన్ సైజు పెరుగుతుంది.

ఇక చిల్లర్. విజయవాడ ఎండలకి ‘పారేసే వేడితో ఉచితంగా ఏసీ’ అంటే మీ యాజమాన్యానికి నోరూరుతుంది. లెక్క చూడు. ఇంజన్ నుంచి గంటకి 500 యూనిట్ల వేడి పట్టుకున్నామనుకో. వేడినీళ్లతో నడిచే, వేడిని ఒక్కసారే వాడే సింగిల్ ఎఫెక్ట్ మెషిన్ సీఓపీ, అంటే ఒక యూనిట్ వేడికి వచ్చే చల్లదనం, సుమారు 0.7. అంటే నీకొచ్చేది 350 యూనిట్ల చల్లదనం, టన్నుకి మూడున్నర చొప్పున 100 టన్నులు. మంచి ఎలక్ట్రిక్ చిల్లర్ ఆ 100 టన్నుల్ని గంటకి 65, 70 యూనిట్ల కరెంటుతో ఇచ్చేస్తుంది. పైగా వీఏఎంకి కూలింగ్ టవర్ పెద్దది కావాలి, నీళ్లూ ఎక్కువ పోతాయి. అదే వేడిని నేరుగా వేడినీళ్లకి వాడావనుకో, బాయిలర్‌లో గంటకి 55, 60 ఘనపు మీటర్ల గ్యాస్ మిగులుతుంది. ఆ గ్యాస్‌కి ఇంజన్ 200 యూనిట్లకి పైగా కరెంటిస్తుంది. డెబ్భై ఎక్కడ, రెండొందలు ఎక్కడ! పొగతో నడిచే, వేడిని రెండుసార్లు వాడే డబుల్ ఎఫెక్ట్ మెషిన్ కాస్త నయం, కానీ అది కూడా వేడినీళ్ల తర్వాతే.

నీ రాతల్లో రోజులో ఎక్కువ గంటలు తగ్గకుండా ఉండే వేడి ఎంతో చూసి, దానికి సరిపడా ఇంజన్ తీసుకో. అది 150 కిలోవాట్లకే తేలినా చిన్నబోకు. ఎక్కువ గంటలు ఫుల్ లోడ్‌లో తిరిగే చిన్న ఇంజనే డబ్బు తెస్తుంది. సగం లోడ్‌కి దిగితే సామర్థ్యం పడిపోతుంది. మిగతా కరెంటు గ్రిడ్ నుంచి ఎలాగూ వస్తోంది కదా.

వాళ్లు ఇప్పటికే పెట్టిన సైటు చూపిస్తామంటే తప్పకుండా వెళ్లు. కంట్రోల్ ప్యానెల్ దగ్గర నిలబెట్టి ఏదో చెబుతుంటారు. నువ్వు మెల్లగా డంప్ రేడియేటర్ దగ్గరికి నడువు, వాడుకోని వేడిని వదిలేది అదే. దాని ఫ్యాన్లు జోరుగా తిరుగుతుంటే వేడి గాల్లోకి పోతోందన్నమాట. వాడుకున్న వేడిని కొలిచే హీట్ మీటరుందా అని అడుగు. లేకపోతే 85 శాతం ఎలా తెలిసిందని కూడా అడుగు.

గ్రిడ్‌తో కలిపి నడపాలంటే డిస్కం అనుమతి, కరెంటు గ్రిడ్‌లోకి వెనక్కి పోకుండా ఆపే రివర్స్ పవర్ రిలే కావాలి. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌ని ముందే కలువు. ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, ఓవర్‌హాల్ ఖర్చంతా యూనిట్‌కి ఎంత పడుతుందో ఆర్డరివ్వక ముందే రాతపూర్వకంగా తీసుకో.

వారం లెక్కలు అయ్యాక ఆ షీటు ఫోన్‌లో పంపు, చూసి చెబుతాను. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య