టోక్యోలో జనం లేని బుద్ధుడి గుడి: సమాధానం

టోక్యోలో పేరున్న సెన్సోజీ గుడిలో జనాన్ని చూసి వెనక్కి వచ్చేశానని మీరు అన్నారు. ఓ గంట ప్రశాంతంగా కూర్చునే గుడి కావాలి, కానీ అక్కడ ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు కదా. టోక్యోలోనే యనాకా అనే పేటలో ఉన్న తెన్నోజీ గుడికి వెళ్లండి. ఉయెనో స్టేషన్‌లో యమనోతె లైను రైలు ఎక్కితే మూడు స్టాపులు కూడా ఉండవు, రెండోదే మీరు దిగాల్సిన నిప్పోరి. దక్షిణం ఎగ్జిట్ బయట మెట్లెక్కితే గుడి అక్కడే. టికెట్ లేదు.

ఆవరణలో 1690లో పోతపోసిన కంచు బుద్ధుడు ఆరుబయటే కూర్చుని ఉంటాడు. నాకైతే ఆ విగ్రహం ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. పక్కనే యనాకా శ్మశానం. శ్మశానమంటే మనకు అదోలా ఉంటుంది గానీ, అక్కడది చెర్రీ చెట్ల కింద జనం నడిచే దారి. 1957లో కాలిపోయిన అయిదంతస్తుల పగోడా పునాది రాళ్లు ఆ దారిలోనే కనిపిస్తాయి. సమాధుల ఫొటోలు మాత్రం తీయకండి.

ఇక మీ టెన్షన్ సంగతి. చప్పట్లు కొట్టేది జపాన్ సొంత మతమైన షింటో మందిరంలో, బౌద్ధాలయంలో కాదు. ఇది తెలియక నేను మొదటిసారి గట్టిగా రెండు కొట్టాను. పక్కనున్న పెద్దావిడ నవ్వాపుకోలేకపోయింది. పెట్టెలో నాణెం వేసి, చేతులు జోడించి తల వంచితే చాలు. చాలామంది అయిదు యెన్ల నాణెం వేస్తారు. దాన్ని పలికే ‘గొఎన్’ అనే మాటకు బంధం అనే అర్థమూ ఉంది. కాబట్టి చిల్లర దగ్గర పెట్టుకోండి.

పొద్దున్నే వెళ్తే ఇంకా బాగుంటుందండీ.