కార్డు మూసే ముందు, మళ్లీ తీసుకునే ముందు

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉన్న మూడు క్రెడిట్ కార్డుల్లో ఒకటి మూసేసి, కొన్నాళ్లు ఆగి అదే బ్యాంకులో మళ్లీ తీసుకుంటే జాయినింగ్ పాయింట్లు, అంటే కొత్తగా చేరినందుకిచ్చే బోనస్, ఇంకోసారి వస్తాయా అని అడిగావు. రావచ్చు. వచ్చేదీ రానిదీ మాత్రం పాత కార్డు ఎట్టా మూశావు, ఎప్పుడు మూశావు అనే దాంట్లోనే సగం తేలిపోతుంది.

ముందు లెక్క చూసుకో. కొత్త కార్డు ఫీజు వెయ్యి అనుకో, అంటే 18 శాతం జీఎస్టీతో 1,180. వాళ్లిచ్చే 4,000 పాయింట్లు, పాయింటు పావలా చొప్పున వెయ్యి రూపాయలు. అంటే 180 చేతి డబ్బు పోయినట్టే. అవే పాయింట్లు విమానం మైళ్లుగా, అంటే విమాన టికెట్లకి వాడుకునే పాయింట్లుగా, మారితే ఎక్కువ విలువ పలకొచ్చు, అది కూడా నీకు నిజంగా ఆ ప్రయాణం ఉంటేనే. ఈ లెక్క తేలకుండా మూసేయడం, తెరవడం అనవసరమైన తిప్పలు.

తర్వాత ఆ కార్డు ఆఫర్ నిబంధనల్లో ‘కొత్త కస్టమర్’ అంటే ఎవరో చదువు. ఒక బ్యాంకు అదే కార్డు ఇదివరకు ఉన్నవాళ్లకి బోనస్ లేదంటుంది, ఇంకో బ్యాంకు తన కార్డు ఏదున్నా లేదంటుంది, మరొకటి మూసిన తేదీ నుంచి ఇన్ని నెలలు దాటాలంటుంది. మామూలుగా పాన్ నంబరుతో చూస్తారు కాబట్టి ఈమెయిలో ఫోన్ నంబరో మార్చినంత మాత్రాన కొత్త మనిషివి కావు. ఉన్న కార్డునే పెద్ద రకానికి అప్‌గ్రేడ్ చేయించుకుంటే చాలాచోట్ల బోనస్ ఉండదు. అమెరికాలో ఉన్న మన కావలి పిల్లలు చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్)లో ఒక్కో కార్డుకి బోనస్ జీవితంలో ఒక్కసారే, సిటీ బ్యాంకులో 48 నెలల గడువు. ఆ నియమాలు ఆ దేశానివి. దరఖాస్తు పెట్టిన రోజే నిబంధనల పేజీని పీడీఎఫ్‌గా దాచుకో, రేపు వాళ్లు మార్చినా నీ చేతిలో ఆధారం ఉంటుంది.

ఇక మూసే సంగతి. ఏడాది ఫీజు పడే నెలకి ఒక నెల ముందే మొదలుపెట్టు. మొదట పాయింట్లు వాడెయ్యి, కార్డు మూతపడితే చాలా బ్యాంకుల్లో అవి పోతాయి. బిల్లులో జమ వేయించుకుంటే ఆ జమ స్టేట్‌మెంటులో కనబడేదాకా ఆగు. మైళ్లకి మార్చినా అంతే, అవి అవతలి ఖాతాలో పడినాకే తర్వాతి అడుగు.

ఆటోపేలన్నీ వేరే కార్డుకి మార్చు: కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్, ఫోన్లో నెలనెలా కట్టేవి. రూపే కార్డు యూపీఐకి కలిపి ఉంటే అది కూడా తీసెయ్యి. ఈఎంఐ నడుస్తుంటే మూసేటప్పుడు మిగిలిన అసలంతా ఒక్కసారి కట్టమంటారు, పైన ముందుగా తీర్చినందుకు ఫోర్‌క్లోజర్ చార్జీ, దానిమీద జీఎస్టీ. అందుకని ఈఎంఐ అయిపోయాకే మూయడం మేలు. రద్దు చేసిన టికెట్టు డబ్బులు రావాల్సి ఉంటే అవీ పడనియ్యి.

చాలామంది దెబ్బతినేది చిల్లర బాకీ దగ్గర. ఎప్పుడైనా బిల్లు పూర్తిగా కట్టకుండా కొంత మిగిల్చావనుకో, నువ్వు కట్టిన తేదీ దాకా లెక్కేసిన వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. యాప్‌లో ఇవాళ సున్నా కనబడిందని మూయమంటావు, వారం తిరిగాక నలభై రూపాయల వడ్డీ పడుతుంది, నీ అర్జీ అక్కడే ఆగిపోతుంది. పట్టించుకోకపోతే ఆ నలభయ్యే బాకీగా క్రెడిట్ రిపోర్టుకి, అంటే నీ అప్పుల చరిత్రకి, ఎక్కుతుంది. ఇంకా బిల్లులోకి రాని మొత్తం కూడా కట్టి, సున్నా స్టేట్‌మెంటు ఒకటి వచ్చాకే మూయమని అడుగు. పాత స్టేట్‌మెంట్లన్నీ ముందే దింపుకో, తర్వాత లాగిన్ తెరుచుకోకపోవచ్చు.

అర్జీ యాప్‌లోనో ఈమెయిల్లోనో పెట్టి నంబరు రాసుకో. పోస్టులో పంపమని పట్టుబట్టే హక్కు వాళ్లకి లేదు. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూయాలి, దాటితే రోజుకి 500 రూపాయలు నీకే కట్టాలి. ఈమధ్యలో ఫోన్ చేసి ఫీజు మాఫీ అనో, అదనపు పాయింట్లనో అంటారు. నచ్చితే ఒప్పుకో, ఈమెయిల్లో రాసిస్తేనే. ఓటీపీ, సీవీవీ అడిగినవాడు బ్యాంకువాడు కాదు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతకొద్దు, కార్డు వెనకాల ఉన్నదే చూడు. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు, ఖర్చు లేదు. వివరాలకి 14448 నంబరుకి ఫోన్ చెయ్యి.

మూసిన నెలన్నరకి సిబిల్ సంస్థ ఇచ్చే నీ క్రెడిట్ రిపోర్టు తీసి చూడు. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితం. ‘క్లోజ్డ్’ అని, బాకీ సున్నా అని ఉండాలి. ‘సెటిల్డ్’ అని ఉంటే వెంటనే దిద్దించు, ఆ మాటకి బాకీ పూర్తిగా తీర్చలేదని అర్థం.

ఏది మూయాలనే దానికీ లెక్కుంది. మూడు కార్డుల లిమిట్ కలిపి మూడు లక్షలు, నెలకి నీ వాడకం అరవై వేలు అనుకో, 20 శాతం. లక్షన్నర లిమిట్ కార్డు మూస్తే అదే వాడకం 40 శాతం అవుతుంది, క్రెడిట్ స్కోరు దిగుతుంది. 30 శాతం లోపు ఉంచు. అన్నిటికంటే పాతదాన్ని, అందులోనూ ఫీజు లేనిదాన్ని, ముట్టుకోవద్దు. అప్పుడప్పుడు దానిమీద రీచార్జి చెయ్యి, ఏడాదికి పైగా వాడకపోతే బ్యాంకే నోటీసిచ్చి మూసేయొచ్చు. ఇల్లు కొనే ఆలోచన ఉంటే లోను వచ్చేదాకా మూయడమూ వద్దు, కొత్త దరఖాస్తూ వద్దు.

కొత్త కార్డు వచ్చాక, బోనస్‌కి ఇన్ని రోజుల్లో ఇంత ఖర్చు పెట్టాలని షరతు ఉంటే, ఆ గడువు చాలాసార్లు కార్డు మంజూరైన తేదీ నుంచే నడుస్తుంది. ఊరి చిరునామా ఇస్తే కొరియర్‌లో పది రోజులు పోతాయి, నువ్వున్నచోటే తెప్పించుకో. అద్దె, వాలెట్, పెట్రోలు, బంగారం తరచుగా ఆ ఖర్చు లెక్కలోకి రావు. ట్రంక్ రోడ్డులో దుకాణమాయన కార్డు గీకితే రెండు శాతం ఎక్కువ అడిగాడంటే యాభై వేల మీద వెయ్యి పోయినట్టు, అంటే నీ బోనస్ అంతా ఆయనకే. చెల్లెలి కాలేజీ ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటి ఎటూ తప్పని ఖర్చు ఉన్న నెల చూసి దరఖాస్తు పెట్టు, ఫీజుకి చార్జీ వేస్తారేమో ముందే అడుగు.

అన్నట్టు, నువ్వు మూయబోయే కార్డు మీదే అమ్మకి యాడ్-ఆన్ కార్డు, అంటే నీ ఖాతాకే కలిపిచ్చిన అదనపు కార్డు, ఉంది కదా. నీదానితోపాటు అదీ ఆగిపోతుంది. మందుల షాపులో నిలబడి ఇబ్బంది పడకుండా అమ్మకి ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

మామయ్య