కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) ఏ అర్హతలు, ఏ పత్రాలు కావాలి?

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (కెనడా ప్రభుత్వ ఆన్‌లైన్ వలస దరఖాస్తు విధానం) ఫెడరల్ స్కిల్డ్ వర్కర్‌గా దరఖాస్తు చేసేవారికి ఈ జవాబు. గత 10 ఏళ్లలో కనీసం ఏడాదిపాటు విరామం లేకుండా, నైపుణ్యం అవసరమైన ఉద్యోగం చేసి ఉండాలి. ఇంగ్లిష్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ (కెనడా భాషా ప్రమాణ స్థాయి) 7 రావాలి. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో అయితే ఒక్కోదానిలో 6.0. అర్హత పట్టికలో 100కు 67 పాయింట్లు తెచ్చుకోవాలి. ఇవన్నీ ఉంటే పూల్‌లో, అంటే అర్హుల జాబితాలో చేరతారు, అంతే. పీఆర్‌కు దరఖాస్తు చేయమని ఆహ్వానం రావడం సీఆర్‌ఎస్ స్కోరును (పూల్‌లోని వారికి ర్యాంకు ఇచ్చే మరో పాయింట్ల లెక్క) బట్టి ఉంటుంది.

ఆహ్వానం వచ్చాక దరఖాస్తుకు గడువు 60 రోజులే. పాస్‌పోర్టు, డిగ్రీ మూల్యాంకన నివేదిక, వైద్య పరీక్ష, నిధుల రుజువు, పోలీసు క్లియరెన్స్ కావాలి. గత 10 ఏళ్లలో వరుసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ క్లియరెన్స్ తేవాలి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు దీన్ని ముందే మొదలుపెట్టండి.

ఎక్కువమంది తడబడేది అనుభవ పత్రం దగ్గర. మన కంపెనీలు ఇచ్చే రెండు వాక్యాల రిలీవింగ్ లెటర్ సరిపోదు. హోదా, తేదీలు, వారానికి గంటలు, జీతం, ముఖ్యంగా చేసిన పనుల వివరాలు లెటర్‌హెడ్‌పై సంతకంతో ఉండాలి. హెచ్‌ఆర్ విభాగాన్ని ఇప్పుడే అడగండి.

మన ఇంటిపేర్ల సంగతీ చూసుకోండి. డిగ్రీలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే, రెండూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేయడం మంచిది.

నిధులు అప్పు తెచ్చినవి కాకూడదు. బ్యాంకు లేఖలో ఆరు నెలల సగటు నిల్వ, బాకీలు కూడా ఉండాలి. కావలసిన మొత్తం కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి ఏటా మారుతుంది కాబట్టి ఐఆర్‌సీసీ (కెనడా వలస శాఖ) వెబ్‌సైట్‌లోనే చూడండి.