నిప్పు పుట్టిన సీను తీసెయ్

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను, అందుకే జవాబు ఆలస్యమైంది.

నియాండర్తల్ మనుషుల మీద, అదే, ఎప్పుడో అంతరించిపోయిన ఆ ఆదిమానవుల మీద కథ రాయాలనుకోవడం నాకు నచ్చింది. కానీ ఆ మొదటి పేజీ! పిడుగు పడింది, చెట్టు అంటుకుంది, నీ హీరో మండే కొమ్మ ఎత్తి అరిచాడు, గుంపంతా మోకరిల్లింది. ఆ సీను మొత్తం తీసెయ్. వాళ్ల కాలానికే నిప్పు పాత సంగతి. దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహలో 10 లక్షల ఏళ్ల నాటి బూడిద, కాలిన ఎముకలు బయటపడ్డాయి. 50 వేల ఏళ్ల కిందటి నీ హీరో నిప్పు చూసి నోరెళ్లబెట్టడమంటే, మనవాడెవడో వీధి కుళాయికి దణ్ణం పెట్టినట్టుంది.

మూడో పేజీలో రెండు చెకుముకి రాళ్లు కొట్టి మంట రాజేశావు. బళ్లో అందరం ఆ బొమ్మే చూశాం కాబట్టి నిన్ను తప్పుపట్టను. నేనూ నమ్మి, వయసులో ఉండగా ఒకరోజు పెరట్లో కూర్చుని కొట్టాను. బొటనవేలి గోరు నల్లబడింది. మిణుకుమని వెలుగొచ్చింది గానీ దూది అంటుకోలేదు. తాతల చెకుముకి సంచిలో రాయి పక్కన ఇనపముక్క ఎందుకుండేదో అప్పుడు బుర్రకెక్కింది. మండే రవ్వ ఇనుములోంచి వస్తుంది. ఇనుము కరిగించడం తెలియని రోజుల్లో ఆ పని పైరైట్ చేసేది. ఇనుము, గంధకం కలిసిన పసిడి రంగు రాయి అది. ఫ్రాన్సులో దొరికిన సుమారు 50 వేల ఏళ్ల నాటి చేతి గొడ్డళ్ల మీద అలాంటి రాయితో కొట్టిన గీతలున్నాయని 2018లో కొందరు పరిశోధకులు చూపించారు. కాబట్టి నీ హీరో ఒక చేతిలో పైరైట్ పెట్టు, గోరు నల్లబడనివ్వు.

అసలు కథ ఇంకోచోట ఉంది. అదే ఫ్రాన్సులో పెష్ ద లాజే, రోక్ ద మార్సాల్ అని రెండు గుహలున్నాయి. వాతావరణం వెచ్చగా ఉన్న కాలపు పొరల్లో పొయ్యిలు, బూడిద, మాడిన ఎముకలు బోలెడు. మంచుకాలం ముదిరిన పొరల్లో పనిముట్లు ఉన్నాయి, తిని పారేసిన ఎముకలు ఉన్నాయి, నిప్పు జాడ మాత్రం దాదాపు లేదు. ఎముకలు కొరికే చలిలో నిప్పు లేకుండా బతికారన్నమాట! వాళ్లకు నిప్పు పుట్టించడం రాదు, పిడుగుల వల్ల అంటుకున్న మంటల నుంచి తెచ్చుకునేవారు, మంచుకాలంలో పిడుగులు తక్కువ అని ఆ గుహలు తవ్విన వాళ్ల వాదన. కాదు, కట్టెలు దొరక్క మానేశారని ఇంకొందరు. ఆ గొడవ తెగలేదు. రచయితకు ఇంతకంటే ఏం కావాలి చెప్పు?

మా నానమ్మ రాత్రిపూట పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేది. తెల్లారి పుల్లతో నివురు తీసి, లోపల ఎర్రగా కనబడితే చాలు, పిడక ముక్క పెట్టి గొట్టంతో ఊదేది. ఒక్కోరోజు ఆరిపోయేది. అప్పుడు నన్ను పక్కింటికి తరిమేది. పిడక మీద నిప్పు పెట్టించుకుని, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నడిచి రావాలి. పరిగెత్తితే రవ్వలు రాలతాయి, నెమ్మదిగా వస్తే నానమ్మ తిడుతుంది. పక్కింటి అత్త ఊరికే ఇచ్చేది, ‘నిన్న కూడా ఆరిపోయిందిగా’ అని ఒక మాట కలిపి. దీపాలు పెట్టాక అడిగితే మాత్రం ఇచ్చేది కాదు.

నీ గుంపులో ఆ నానమ్మ ఎవరు? నిప్పు ఆరితే పక్క లోయలో వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తారు, ఏం మాట పడతారు? ఇవేవీ నీ కథలో లేవు.

తిండి సంగతి. నీ వాళ్లు ప్రతి పూటా కాల్చిన తొడ కొరుకుతున్నారు. సినిమా చూసినట్టుంది. మాంసం తిన్నారు, నిజమే, అదీ మామూలుగా కాదు. జర్మనీలోని నాయ్‌మార్క్-నోర్డ్‌లో 1,25,000 ఏళ్ల కిందట 70కి పైగా ఏనుగుల్ని కోసుకున్న ఆనవాళ్లున్నాయి. పాదాల్లో ఉండే కొవ్వు మెత్తను కూడా వదల్లేదు. పది టన్నుల ఏనుగు ఒకటి పడితే పాతిక మందికి మూడు నెలలు వస్తుందని లెక్క. అంత మాంసం కుళ్లకుండా ఎలా దాచారు, లేక చుట్టుపక్కల గుంపుల్ని పిలిచి పంచారా? అది రాయి.

ఇంకో చివర ఇరాక్‌లో షానిదార్ గుహ. అక్కడి 70 వేల ఏళ్ల నాటి మాడు ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అడవి పప్పు గింజలు కనిపించాయి. నానబెట్టి, దంచి వండినవి. పొట్టు పూర్తిగా తీయలేదు కాబట్టి కాస్త చేదు మిగిలే ఉంటుంది. నాకు ఏనుగు కంటే ఈ మాడే ఎక్కువ నచ్చింది. పప్పు నానబెట్టిందంటే రేపటి సంగతి ముందే ఆలోచించింది, ఎవరో గానీ. కుండలు ఇంకా పుట్టలేదు. తోలు సంచిలో నానబెట్టిందా, రాతి గుంటలోనా? నువ్వే తేల్చుకో. కానీ ఆ పప్పు మాడింది కదా, ఆ పూట అక్కడ ఎవరి దృష్టి ఎటు పోయిందో ముందు అది చెప్పు నాకు.

తిరగరాశాక ప్రింటు తీసి పోస్టులో పంపు. ఫోన్లో చదివితే నాకు తలనొప్పి.

మీ అన్నయ్య